మునెమ్మ ముగ్గు పోసిన దారి

ఆగస్టు 3
నిన్నటి డెంకణికోట మీటింగు ఇంకా కళ్ళముందే ఊగుతోంది. వంక అవతలి ఊరు ఊరంతా వచ్చింది. వాన గట్టిగా పడితే పూలబుట్టలు, బడిపిల్లలు, పురిటినొప్పుల మనిషి... అందరూ ఇవతలి గట్టు చూస్తూ కూర్చోవాల్సిందే. ఎమ్మెల్యేగా ఏ రోడ్డుకి ఎంత వచ్చిందో చదువుతూ పోయాను. ఆ వంక మీద వాళ్ళడిగే వంతెన పద్దు దగ్గరికొచ్చేసరికి కాగితం మడిచేశాను.
“దుడ్డు వచ్చినట్లేనమ్మా.”
ఆర్డరు రాలేదు. అయినా అనేశాను. ముఖాలన్నీ వెలిగాయి. ముందు వరసలో చామంతి తోట మునెమ్మ, నా చెయ్యి పట్టుకుని వదలదే.

ఆగస్టు 4
కలలో వంతెన. కింద నీళ్ళు లేవు, చామంతులు పారుతున్నాయి.

ఆగస్టు 11
చెన్నై నుంచి ఫోను. వంతెన ఫైలు వెనక్కి. “వచ్చే బడ్జెట్‌లో చూద్దాం మేడం.” ఊరివాళ్ళకి కబురు పంపమంటారా అని పీఏ సెల్వం. వద్దు, ఆదివారం నేనే వెళ్ళి చెప్తానన్నాను. మత్తిగిరిలో ఇంటి బయట సన్నటి తుంపర. కిటికీ దగ్గరే నిలబడిపోయాను.

ఆగస్టు 13
ఆదివారం దాకా ఆగలేకపోయాను. చెప్పులు చేతబట్టుకుని వంక దాటాను, మోకాటి లోతు నీళ్ళు. అవతలి గట్టు నుంచి ఊరిదాకా రెండు తెల్లటి గీతలు. ఇల్లు కట్టేముందు పునాదికి పోస్తామే, అలా వంతెన దారికి ముగ్గు పోశారు. ఆ గీతల మధ్య మునెమ్మ తోట. ఆయుధపూజకి కోయాల్సిన చామంతి, మొగ్గలతో పీకి పక్కన పోగేసి ఉంది. మునెమ్మ ఎదురొచ్చింది.
“మిషను వచ్చినాక పీకితే మీకు లేటయిపోతాదని మేమే పీకేసినాము. మా పని అయిపోయిందమ్మా.”
“వానకి ముగ్గు పోదా?”
“పోతాది. మళ్ళా పోస్తాను. ముగ్గు పోసినాక పని నిలపగూడదు గదా.”
చెప్పాలి. ఈలోపే నా చెయ్యి పట్టుకుని గీతల మధ్య నడిపించింది. నీళ్ళ అంచున ఆగి, గాలిలోకి చెయ్యి చాపింది.
“ఈడినుంచి పైన.”
నేనూ పైకి చూశాను. ఒక్క క్షణం... నిజంగానే కనిపించింది.

ఆగస్టు 14
ఆదివారం ఊళ్ళో చెప్పాల్సిన మాటలు టైపు చేసి తెచ్చాడు సెల్వం. “సాంకేతిక కారణాల వల్ల...” నా నోటితో చామంతి పీకించాను, ఈ మాట ఎలా చదవను? సిగ్గుగా ఉంది. ఆ కాగితం చింపలేదు. ఒప్పుకోనూ లేదు.

ఆగస్టు 16
పొద్దుటినుంచి వాన. గీతలు కొట్టుకుపోయి ఉంటాయి. పోతే బాగుండుననే అనుకున్నాను, ఎవరితో చెప్పను.
సాయంత్రం మునెమ్మ ఫోను.
“రేపు వస్తావు గదమ్మా?”
“వస్తాను.”
“వాన నిలిచినాక మళ్ళా పోసినాము. ఈతూరి మీ పక్క గట్టున గూడా. కారు దిగి దానెంబడే రా.”
సరేనమ్మా, అన్నాను.