కోడి, కోతి

భేస్తాన్,
2020 మే

ప్రియమైన హిమ బాపుకు,

మీ ఫోన్ పాడైందనీ, మీరుండే కిమ్‌లో బాగుచేసే దుకాణాలేవీ తెరవలేదనీ టెంపో నర్సింగం చెప్పాడు. కూరగాయల బండితో అతనే ఈ ఉత్తరం తెస్తాడు.

లాక్‌డౌన్‌తో మగ్గాలు ఆగినప్పటి నుంచి గల్లీ మూగబోయింది. నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఊరికే తలుపు దాకా వెళ్తున్నాను, తిరిగి వస్తున్నాను.

మీరు చెప్పినట్టే మన హిమకు మన భాషలో జంతువుల పేర్లు మొదలుపెట్టాను. 'ఆ' రాసి ఆవు, అంబా. 'కో' రాసి కోడి, కొక్కొరొకో. ఎదురుగా కూర్చుని నా నోట్లోకే చూస్తుంది. కానీ నాలుగేళ్లు నిండినా మాట తేటగా లేదు. కోడి ఏదంటే కోతి బొమ్మ మీద వేలు పెడుతుంది. పక్కింటి వజ్రమ్మ, "కోడికీ కోతికీ ఫరక్ తెల్వదా నీ పిల్లకు?" అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మీ హారతి

కిమ్,
మే నెలాఖరు

ప్రియమైన హారతికి,

కార్ఖానా గేటుకు తాళం వేశారు. లోపలే వండుకుని లోపలే పడుకుంటున్నాం.

పాప గురించి కంగారుపడకు. ఇంట్లో తెలుగు, గల్లీలో గుజరాతీ, టీవీలో హిందీ. ఏ మాట పట్టుకోవాలో దానికి తోచడం లేదు. కొంచెం మొండి కూడా. బొమ్మలు పక్కన పెట్టి, చాటుకు వెళ్లి నువ్వే జంతువుల్లా అరిచి చూడు. ఎవరు అరిచారో కనుక్కోమను. ఆటలా ఉంటే అదే నేర్చుకుంటుంది. నా బిడ్డ కుక్కను 'కూత్రో' అనకూడదు, కుక్క అనాలి.

నీ అంబదాస్

భేస్తాన్,
జూన్

ప్రియమైన హిమ బాపుకు,

మీరు చెప్పిన ఆట ఆడాను. పరదా వెనక నిలబడి మేకలా అరిచాను. వజ్రమ్మ పరుగున వచ్చి, "ఏందే, మేకను గిట్ల తెచ్చినవా?" అంది. పాప మాత్రం వెనక్కి తిరగలేదు.

నర్సింగం వచ్చినప్పుడు మాస్కు పెట్టుకున్నాను. అది తీయకుండానే, "మేక ఎట్ల అంటది బిడ్డా?" అన్నాను. పాప ఒళ్లోకి ఎక్కి, మాస్కును గడ్డం కిందికి లాగి, నా పెదవుల వంక చూస్తూ కూర్చుంది.

అద్దం ముందు నిలబడి గొంతు రాకుండా కోడి అన్నాను, కోతి అన్నాను. పెదవులు ఒకేలా కదిలాయి. మన బిడ్డ మాట వినడం లేదండీ, చూస్తోంది. మగ్గాల మధ్య అందరం అరుచుకునే మాట్లాడుకున్నాం. ఇక దానికి వినపడదని మనకెలా తెలుస్తుంది?

ఎలాగైనా రండి.

మీ హారతి

కిమ్,
జూన్

హారతీ,

నీ ఉత్తరం జేబులో పెట్టాను, తీశాను, మళ్లీ పెట్టాను. నేను నమ్మను. నేను పిలిస్తే ఎన్నిసార్లు పరుగెత్తుకొచ్చిందో! నేల మీద చరిచి పిలిచేవాణ్ణని ఇప్పుడు గుర్తొస్తోంది. అయినా నమ్మను.

గేటు దగ్గర మా పని చూసే ముకద్దమ్‌ను, బయటికి వదలమని బతిమాలాను. "నా బిడ్డకు చెవులు వినవడ్తలేవంట భాయ్" అన్నాను. నా నోటితో ఆ మాట అన్నాక అక్కడ నిలబడలేకపోయాను. తాళం తీసిన రోజే బయలుదేరతాను.

అంబదాస్

భేస్తాన్,
నవంబరు

ప్రియమైన హిమ బాపుకు,

మీ ఫోన్ బాగైంది, అందులోనే చెప్పొచ్చు. కానీ మీరు ఏడిస్తే నేను మాట్లాడలేను.

మీరు వచ్చిన రోజు పాప వెనక నిలబడి మామూలు గొంతుతో "హిమా" అన్నారు. మళ్లీ అన్నారు. అది వెనక్కి తిరగకపోయేసరికి అక్కడే కూలబడ్డారు. ఆ తర్వాత ఎక్కడికి వెళ్లినా, కరోనా వల్ల చెవుల పరీక్షలు లేవన్నారు. మీరు తిరిగి పనిలోకి పోయి, దీపావళి దగ్గరపడితే గాని కుదరలేదు. డాక్టరు శ్రీప్రియ గారు మన తెలుగావిడే. "కొంత వినపడుతోందమ్మా, చెవులకు మిషన్లు పెడితే మాట తేటపడుతుంది" అన్నారు.

ఈలోగా నేను ఊరుకోలేదు. పేర్లు రాసి చూపించాను. డి, తి పెదవుల మీద ఒకటే అయినా కంటికి వేరు కదా. రాసి చూపిస్తే కోడిని ఒక్కసారి కూడా కోతి అనలేదు.

నిన్న మిషన్లు పెట్టారు. వెంటనే పీకేసింది. మళ్లీ పెడితే, ఆటో హారన్‌కు నా కొంగులో తల దూర్చి ఒకటే ఏడుపు. మంచి చేశామో చెడు చేశామో తెలియక నేనూ ఏడ్చాను.

మలుపులో ఆటో దిగి, దాన్ని ఎత్తుకుని నడుస్తున్నాను. గోడ అవతల ఎక్కడో బర్రె అరిచింది. హిమ ఏడుపు ఆపింది. గోడ వైపు తల తిప్పింది.

"అమ్మా, ఎవరు?"

"బర్రె, బిడ్డా."

మళ్లీ అరుస్తుందేమోనని హిమ చెవి పెట్టింది. ఇద్దరం అక్కడే నిలబడ్డాం.

ఆదివారం రండి. మీ గొంతు దానికి ఇంకా తెలియదు.

మీ హారతి