మారెన్ పేరు తీసేయండి

హాల్వర్ గారికి,

మంచు పడ్డప్పుడల్లా అడక్కుండానే ట్రాక్టరు తెచ్చి మా వాకిలి శుభ్రం చేసే మనిషి మీరు. శాసనసభలో కూర్చున్నా మా పొరుగువారే అనుకుని రాస్తున్నాను.

మీ బిల్లులోంచి మా మారెన్ పేరు తీసేయండి. ప్రతి స్కూలు బస్సుకీ కెమెరా ఉండాలి, పిల్లలు దిగేటప్పుడు ఆగని బండివాడి లైసెన్సు పోవాలి అని మీరన్నప్పుడు ఆ పేరు పెట్టుకోమన్నాను. ఇప్పుడు కెమెరా బడివాళ్ల ఇష్టమట, లైసెన్సు ఊసే లేదట. ఫోన్లో అడిగితే, "అసలేమీ లేనిదానికంటే నయం కదమ్మా, పాప పేరైనా నిలుస్తుంది," అన్నారు. పేరు నిలవడానికి దాని సమాధి మీద రాయి ఉంది.

మొన్న బిల్లు మీద విచారణలో మాట్లాడటానికి నాకు రెండు నిమిషాలిచ్చారు. మీ బల్ల మీద ఎర్రదీపం వెలగగానే, మాట సగంలో ఉన్నా ఆపేసి వెళ్లి కూర్చున్నాను. మిగిలిన సగం ఇది.

బస్సు దిగి దాటేటప్పుడు మారెన్ అటూ ఇటూ చూడలేదని, ఆగకుండా వచ్చిన ఆ పికప్ ట్రక్కు దాని కంటపడనే లేదని బస్సు డ్రైవరమ్మ చెప్పింది. నిజమే. "బస్సుకి ఎర్రదీపాలు వెలిగితే ఎంతటివాడైనా ఆగాల్సిందే, భయపడకుండా దాటెయ్ తల్లీ," అని నేర్పింది నేనే.

నేను చెప్పిన ఆ అబద్ధాన్ని, దాని పేరు పెట్టి ఇంకో పిల్లకి చెప్పకండి.

మారెన్ తల్లి