మామయ్య బాగుచేసిన కుర్చీలు

చిరంజీవి అమ్మడికి, మామయ్య దీవిస్తూ రాస్తున్నది.

నేను బాగానే ఉన్నాను. షెడ్డు సంగతే బాగాలేదు. వరద తర్వాత ఇందులో వడ్రంగం పనేమీ జరగడం లేదు కాబట్టి కూలగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేస్తామని మునిసిపాలిటీ వాళ్లు నోటీసు అంటించి పోయారు. స్థలం వాళ్లదే అయినా మీ తాత కట్టిన షెడ్డు. ఇది పోతే నేను రోజంతా ఇంట్లో కూర్చుని మీ అత్తయ్య చేత తిట్లు తినాలి.

నువ్వు మన ఊళ్లో ఇళ్లల్లోంచీ వీధుల్లోంచీ పోగేసి లారీలో పంపిన వరద కుర్చీలు చేరాయి. జాగ్రత్తగా చూసుకోమన్నావు కదా, చూసుకున్నాను. మన షెడ్డు గడప దాటి లోపలికొచ్చిన కుర్చీ కుంటుతూ బయటికి పోయింది లేదు. అన్నిటికీ కాళ్లు అతికించి, చిత్రిక పట్టి, వార్నిష్ వేశాను.

ఇట్లు,
చేతినిండా పని దొరికిన మామయ్య

తా.క.: ఒకదానికి బురద ఎంతకీ వదల్లేదు. సిగ్గేసి మూలకి పెట్టాను.

---

మామయ్యకి, మేనకోడలు నమస్కరించి, కాస్త ఏడ్చి రాస్తున్నది.

కొంప ముంచావు మామయ్యా. అవి విరిగి ఉండటమే కదా నా కళ! విరిగినవి విరిగినట్టే తాళ్లకు వేలాడదీసి నీ షెడ్డులో ప్రదర్శన పెడదామనుకున్నాను. కళల కమిటీకి నచ్చితే దాన్నే కళాకేంద్రంగా నడుపుతారు, నీకూ వీధికీ పని దొరుకుతుంది, కూల్చే మాటే ఉండదు. ముందే చెప్పకపోవడం నా బుద్ధితక్కువ.

కమిటీ వాళ్లు రేపో మాపో వస్తారు. ముభావంగా ఉంటారు, టేపు పెట్టి షెడ్డు కొలుస్తారు. వాదన పెట్టుకోకు. వరద తిన్న ఊరు మళ్లీ లేచి నిలబడటానికి, నాలుగు చేతులకి పని దొరకడానికి కళ ఎలా సాయపడుతుందో చెప్పు.

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: ఆ బురద కుర్చీని ముట్టుకోకు. నీకు దండం పెడతాను.

---

చిరంజీవి అమ్మడికి, తప్పు చేసిన మామయ్య దీవెనలు.

నీకోసం ఒక కుర్చీని మళ్లీ విరగ్గొడదామని కూర్చున్నాను. సాయంత్రం దాకా పెనుగులాడినా నా అతుకు నాకే లొంగలేదు.

ఈలోగా ఊళ్లో తెలిసిపోయింది. ఎవరి కుర్చీ వాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. కళ కోసం ఉంచాలి, ఇవ్వనన్నాను. అయితే ఇక్కడే కూర్చుంటామని కూర్చున్నారు, లేస్తేనా? ఎవరింట్లో నీళ్లు ఎంతదాకా వచ్చాయో చెప్పుకుని ఏడుస్తున్నారు, మధ్యలో నవ్వుతున్నారు. వాళ్ల పుణ్యమా అని మూసేసిన టీకొట్టు తెరుచుకుంది. పరుపులు కుట్టే ఆవిడ దిండ్లు తెచ్చి అమ్ముతోంది.

మీ కమిటీ వచ్చింది. నువ్వన్నట్టే ముభావంగా, టేపుతో. టేపు రెండో కొస నేనే పట్టుకున్నాను. నీ మాటలన్నీ అప్పజెప్పాను. వాళ్లలో పెద్దాయన విసుగ్గా మూలనున్న బురద కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ చెయ్యి తడిమి, "ఇది మా అమ్మది. వరదలో కొట్టుకుపోయిందనుకున్నాం" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. నాకూ ఏడుపొచ్చింది.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: వెళ్తూ వెళ్తూ ఇక్కడేం జరుగుతోందని అడిగాడు. కళ అన్నాను. నువ్వు నేర్పిన మాటే.

---

మామయ్యకి, కాళ్లూ చేతులూ ఆడని మేనకోడలు రాస్తున్నది.

కమిటీ ఇంకా బయల్దేరనే లేదు. ఇప్పుడే అడిగాను, సోమవారం వస్తారట. మరి నువ్వు టేపు పట్టింది ఎవరికి?

ఇట్లు,
నీ అమ్మడు

తా.క.: వరదలో పోయిన నీ ఫోనుకి బదులు ఇంకోటి కొనుక్కో. ఈ ఉత్తరాలతో నా ప్రాణం పోతోంది.

---

చిరంజీవి అమ్మడికి, గండం గడిచిన మామయ్య దీవెనలు.

వాళ్లు మునిసిపాలిటీ వాళ్లే. నా షెడ్డు కూల్చడానికి కొలతలు తీస్తుంటే దగ్గరుండి సాయం చేశాను. అయితే ఆ పెద్దాయన మళ్లీ వచ్చి, నోటీసు తన చేత్తోనే చింపేశాడు. పని లేని షెడ్డు కాదు, ఊరంతా ఇందులోనే ఉందని పైవాళ్లకి చెప్పి ఒప్పించాడట. అమ్మయ్య, గుండెల మీంచి బరువు దిగింది. మీ అత్తయ్యకి నాకంటే ఎక్కువ సంతోషం.

సోమవారం మీ కమిటీ వచ్చింది. ఈసారి మోసపోకూడదని తలుపేసి, మీరెవరని కిటికీలోంచి అడిగాను. వాళ్లు ఆ కిటికీలోంచే లోపల కూర్చున్నవాళ్లని చూసి, ఇంత చక్కటి కళ ఎవరిదన్నారు. మా మేనకోడలిదన్నాను. ప్రదర్శన ఇక్కడే, ఇలాగే జరగాలట. కళాకేంద్రం కూడా ఇక్కడేనట.

ఇట్లు,
కళాకారిణి మామయ్య

తా.క.: వచ్చేటప్పుడు నీకో కుర్చీ తెచ్చుకో, ఇక్కడ ఒక్కటీ ఖాళీ లేదు. విరిగినదైతే మరీ మంచిది, నాకు తోచడం లేదు.