ఆ సీను నాది కాదు

అక్కకి,

ఇక్కడ అమ్మా నేనూ బాగానే ఉన్నాం. నువ్వెలా ఉన్నావో అడగమని అమ్మ చెబుతోంది కాబట్టి అడుగుతున్నాను. నా అంతట నాకైతే తెలుసుకోవాలని లేదు.

ఫోన్ ఎత్తడం లేదని ఉత్తరం రాశావు. మంచి పని చేశావు. ఫోన్లో అయితే నా మాట సగంలో ఉండగానే నువ్వు అందుకుంటావు. కాగితం మీద ఆ సౌకర్యం ఉండదు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది. చుక్కల మందు నేనే వేస్తున్నాను. చూపు తేటపడిన దగ్గర్నుంచి మూలల్లో బూజు, గిన్నెల అడుగున జిడ్డు, నా తలలో తెల్లవెంట్రుకలు ఒక్కటీ వదలకుండా ఎత్తి చూపిస్తోంది. పత్రికవాళ్లతో మాట్లాడింది నువ్వేనా అని అడిగావు. నేనే. 'డైరెక్టర్‌కీ స్టూడియోకీ మధ్య ఏ గొడవా లేదు' అని చెప్పి నువ్వు నవ్వుతూ ఫొటో దిగకపోయి ఉంటే నోరు మూసుకునే ఉండేదాన్ని. ఇంటి సంగతి వీధిలో పెట్టానని నీకు కష్టంగా ఉందట. నన్ను వీధిలో పెట్టిన రోజు నీకేమనిపించిందో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు.

ఒక్క మాట దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండిపోయింది. 'సినిమా పోయింది చిట్టీ, ఇద్దరం కలిసే పోగొట్టుకున్నాం' అన్నావు. కలిసి ఏం చేశాం మనం? కథ విన్న పూట తప్ప మనం కలిసి ఉన్నదెప్పుడు?

ఆ పూట నాకు బాగా గుర్తు. స్టూడియో యజమానురాలివి, కుర్చీ వదిలేసి నేలమీద నా పక్కన కూర్చున్నావు. కథలో హీరో లిఫ్టులు బాగుచేసే మెకానిక్. అతని ఒంట్లోకి అంతులేని బలం వస్తుంది. ఆ బలం వాడిన ప్రతిసారీ వినికిడి కాస్త తగ్గుతుంది. చివరికి నగరాన్నంతా కాపాడి, జనం తన పేరు పెట్టి అరుస్తుంటే ఏ చప్పుడూ చేరని మనిషిగా నిలబడిపోతాడు. నేను చెప్పడం ఆపగానే కొంగుతో కళ్లు తుడుచుకుని, "చిట్టీ, ఎవరేమన్నా ఇది మాత్రం మార్చకు" అన్నావు. ఆ ఎవరిలో నువ్వు లేవనుకున్నాను. నాదే తెలివితక్కువ.

షూటింగ్ మొదలయ్యాక నీ మనుషులు రావడం మొదలుపెట్టారు. హీరోకి మాస్కు తక్కువ, ముఖం ఎక్కువ కనిపించాలన్నాడొకడు. చెవిటివాణ్ణి పెట్టుకుని రెండో భాగం ఎలా తీస్తామన్నాడింకొకడు. బొమ్మల కంపెనీ తరఫున వచ్చినతను హీరోకి రెక్కలు కావాలన్నాడు. లిఫ్టు మెకానిక్‌కి రెక్కలెందుకయ్యా అంటే, "పిల్లలు పానా కొనరు మేడమ్, రెక్కలైతే కొంటారు" అన్నాడు. నేను అతని డ్రాయింగు యూనిట్ అందరి ముందూ చించేశాను. నీ మనుషుల్ని సెట్లోకి రానివ్వొద్దని గేటు దగ్గర చెప్పించాను. పొగరుగా ప్రవర్తించానని రాశావు. అవును, పొగరే. నా సినిమా మీద నాకు ఆ మాత్రం పొగరు లేకపోతే ఇంకెవరికి ఉంటుంది?

ప్రివ్యూ సరిగ్గా సాగలేదు, ఒప్పుకుంటాను. చివర్లో నిశ్శబ్దం రాగానే స్పీకర్లు పాడయ్యాయనుకుని జనం వెనక్కి తిరిగి ఆపరేటర్ మీద కేకలేశారు. నువ్వు లేచి నా వైపు చూడకుండా వెళ్లిపోయావు. ఆ తర్వాత ఒక ఉదయం నేను ఎడిటింగ్ రూముకి వస్తే నా కార్డుకి తలుపు తెరుచుకోలేదు. సెక్యూరిటీ అతను తల వంచుకుని, "పైనుంచి చెప్పారు మేడమ్" అన్నాడు. అద్దంలోంచి మన ఎడిటర్ కనిపిస్తూనే ఉన్నాడు. అతను కుర్చీ అటు తిప్పుకున్నాడు. అప్పుడు నువ్వు మెట్లు దిగి వచ్చావు.

"ఇప్పుడు లోపలికి రాకు చిట్టీ."

"నా సినిమా అక్కా అది."

"స్టూడియో సినిమా. ఇది పడుకుంటే ఇక్కడ పనిచేసేవాళ్లందరూ ఇళ్లకి పోవాలి. నీకేం, ఇంకో కథ రాసుకుంటావు."

"మార్చకని నువ్వే అన్నావు."

"ఆరోజు నీ అక్కగా విన్నాను."

"మరి ఇవాళ?"

నువ్వు సెక్యూరిటీ అతని వైపు తిరిగి, "మేడమ్‌కి కారు పిలిపించు" అన్నావు. పుట్టిన దగ్గర్నుంచీ చిట్టినైన నేను ఆ గుమ్మంలో నీకు మేడమ్‌నయ్యాను. మిగతావన్నీ ఎప్పుడైనా మరిచిపోతానేమో గానీ, అక్కా, అదొక్కటి నన్ను మరిచిపొమ్మనకు.

ఆ పైన చెడిన సినిమాలకి అతుకులేసే ఆ పెద్దాయన్ని, అందరూ రిపేరు మేస్త్రీ అనే ఆయన్ని తెచ్చావు. ప్యాచ్‌వర్క్ అన్నారు గానీ, ఆయన వేసిన అతుకులే అసలు గుడ్డకన్నా ఎక్కువైపోయాయి. హీరో అప్పటికే వేరే సినిమా కోసం చిక్కి సగమయ్యాడు. సూటు వేలాడుతుంటే లోపల స్పాంజి కుక్కారు. రెక్కలు మొలిపించారు. డాక్టరు చేత ఒక్క ఇంజక్షన్‌తో చెవులు బాగుచేయించారు. నా నిశ్శబ్దం మీద డప్పులూ బాకాలూ పోశారు. నా పేరైనా తీసేయమని కబురు చేస్తే, తీస్తే అందరికీ అనుమానం వస్తుందన్నావు. ఆ సినిమా మీద 'దర్శకత్వం' అన్న అక్షరాల కింద ఇప్పటికీ నేనే ఉన్నాను. ఊళ్లోవాళ్ల తిట్లన్నీ పద్ధతిగా నాకే అందుతున్నాయి.

సినిమా చూశావా అని కూడా అడిగావు. ఇంతసేపూ తప్పించుకుంటున్నది ఆ ప్రశ్ననే.

చూశాను. చూడకూడదనే అనుకున్నాను, కానీ కంటి కట్టు విప్పగానే అమ్మ, "నా పిల్లలిద్దరూ చేసింది కదా, తీసుకెళ్లు" అని పట్టుబట్టింది. హాలు సగం కూడా నిండలేదు. హీరో ఎగరగానే సూటులో స్పాంజి పక్కకి జారింది. మా వెనకాల ఒకతను, "దిండు కట్టుకొచ్చాడ్రా" అన్నాడు, అందరూ పకపకా నవ్వారు. నిజం చెప్పనా, నాకూ సంతోషమేసింది. నీకిలాగే కావాలనుకున్నాను.

అప్పుడు ఆ వంటింటి సీను వచ్చింది. హీరో భార్య అటు తిరిగి గిన్నెలు కడుగుతూ ఆ రోజు జరిగినవన్నీ చెప్పుకుపోతుంటుంది. అతను గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఆమె భుజాలు కదలడం తప్ప అతనికేమీ తెలియడం లేదు. ఆమె వెనక్కి తిరిగి ఏదో అడుగుతుంది, జవాబు రాదు. అతని ముఖం చూసి అర్థం చేసుకుంటుంది. ఏడవదు. చేతులు తుడుచుకుని, అతనికెదురుగా వచ్చి నిలబడి, చెప్పిందంతా మళ్లీ మొదటినుంచి, పెదవులు కనపడేలా నెమ్మదిగా చెబుతుంది. దిండన్న మనిషి కూడా మాట్లాడలేదు. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుని, "ఇది నువ్వు తీసిందేనా?" అంది.

"అవునమ్మా" అన్నాను.

నేను తీయలేదు. తీయకపోవడమే కాదు, తీయనని నీతో పోట్లాడాను. 'అతనికి చెవుడొస్తోందని ఇంట్లోవాళ్లకి ఎలా తెలుస్తుంది' అని నువ్వు ఎన్నోసార్లు అడిగితే, ఏడుపు సీరియల్ తీయడానికి రాలేదన్నాను. అది మేస్త్రీకి తోచిందేమోనని సర్దిచెప్పుకోబోయాను. ఎడిటర్‌కి ఫోన్ చేస్తే, "మీ అక్కగారే రాసిచ్చారు. ఆవిడ పక్కన నిలబడి తీయించుకున్న సీను అదొక్కటే" అన్నాడు. ఆ పైన కూడా నోరు విప్పలేదు. అమ్మ కంటి డాక్టరుకి చెప్పింది, పక్కింటివాళ్లకి చెప్పింది, మా చిన్నది ఎంత బాగా తీసిందోనని. నేను పక్కనే నిలబడి విన్నాను. నాది కానిదాని మీద నా పేరు వేశావని నిన్ను నానా మాటలూ అన్నదాన్ని, నేను చేసిందీ అదే. పైగా అది నీ దగ్గర దొంగిలించిన సీను.

ఈ ఉదయం మందు వేస్తూ అమ్మకి చెప్పేశాను. అమ్మ కళ్లు మూసుకునే ఉంది.

"నాకు చెబితే ఏమొస్తుంది? దానికి చెప్పు."

"దానితో మాట్లాడనమ్మా."

"మాట్లాడమన్నానా? రాయి."

అందుకే రాశాను. ఇది రాజీ కబురు అనుకుని సంబరపడకు. నీతో కలిసి వేదికెక్కి, ఇద్దరం ఒక్క మాట మీదే ఉన్నామని చెప్పమన్నావు. రాను. రెండో భాగం మాట నా దగ్గర ఎత్తకు. అమ్మని చూడ్డానికి రావాలనుకుంటే రా, నీకు అన్నం వడ్డిస్తాను. పక్కన కూర్చుని తినను.

ఇకమీదట ఎవరైనా అడిగితే ఆ వంటింటి సీను మా అక్కదని చెబుతాను. ఆ రెక్కలూ మా అక్కవేనని చెబుతాను.

ఇట్లు,
కోపం తగ్గని
నీ చెల్లెలు