జావలో కలిపిన పొడి

అక్షితా, మొదటి బస్సుకే పట్నం దవాఖానకు పోతున్న. మొయినాబాద్‌ల కృష్ణమ్మ పెద్దమ్మ నాతోని ఎక్కుతది. పాలు కాచి మూత పెట్టిన. మీ బాపు వచ్చేదాక బోరు మోటరు ముట్టకు, తడి చేతులకు షాక్ కొడితే ఇంట్ల చూసేటోళ్ళు లేరు.

రాగిపిండి డబ్బా వెనుక పొట్లం నిన్న చూసిన. ప్రొద్దుటూరు నుంచి తెచ్చిన ఆకుపొడి నా జావలో కలుపుతున్నవని అప్పుడే తెలిసింది. నా రొమ్ముల గడ్డ కరగాలనే కలిపినవు, నాకు ఎరుకే. కానీ మందుల ట్రయల్‌ల చేర్చుకున్ననాడే డాక్టరమ్మ చెప్పింది గద. ముట్లు ఆగిన ఆడోళ్ళల్ల కొందరికి హార్మోన్ గోలీ ఒక్కటే, కొందరికి గోలీతో పాటు సూది. ఏది రోగాన్ని ఎక్కువ కాలం ఆపుతదో చూస్తరు, నడుమ వేరే మందు తినొద్దు అన్నది. నాకు రెండూ వచ్చినయి. ఇప్పుడు సూది ఆపేస్తరేమోనని నా భయం.

పొట్లం సంచిల వేసుకున్న, డాక్టరమ్మకే చూపిస్త. దాచిపెడితే నాకు ఏ మందు పనిచేసిందో వాళ్ళకు తెల్వది, నా అసొంటి ఇంకొక ఆడమనిషికి తప్పు మందు పోతది. నీ పేరు చెప్పను.

నన్ను ఒక్క మాట అడగొచ్చు గద బిడ్డా. నీ ముఖం చూసి అనలేకనే రాసిపెట్టిన.

– అమ్మ

వాళ్ళు నన్ను ట్రయల్‌కెల్లి తీసేసినా నీ వల్లనే అని మనసుల పెట్టుకోకు. సాయంత్రానికి జావ కాచి పెట్టు. ఉత్త జావ.