వాళ్ల టీ తాగేశాం, ఖాదర్ భాయ్

ఖాదర్ భాయ్,

ఇవాళ యూనివర్సిటీ వాళ్ల టీ తాగేశాం. కోప్పడకు, సంతకాలయ్యాకే తాగాం.

నీ తర్వాత యూనియన్ నా నెత్తిన పెట్టారు. చర్చలకు కూర్చుంటే ఒప్పందం కుదిరేదాకా అవతలివాళ్ల టీ ముట్టకూడదన్న నీ పద్ధతి మాత్రం నేను మార్చలేదు. వన్ టౌన్ నుంచి నువ్వు మోసుకొచ్చే అల్లం టీ ఫ్లాస్కు ఇప్పుడు భాభీ పంపిస్తోంది.

ఈసారి కూడా నీ కోరిక దగ్గరే రిజిస్ట్రారుగారు బిగుసుకున్నారు. కాంట్రాక్టు వాళ్లకు జబ్బు చేస్తే జీతంతో సెలవు కుదరదన్నారు. అప్పుడు, ల్యాబ్‌లో గాజు సామాన్లు కడిగే మన పైడమ్మ, ఫ్లాస్కు మూత తిప్పి ఆయనకే ఓ కప్పు పోసింది.

“తాగండి బాబూ, మా ఖాదర్ భాయ్ ఇంటి టీ. లైబ్రరీలో మీ పుస్తకాలు కుట్టినోడు. జొరమొచ్చినా డూటీకొచ్చేసేవోడు, రాకపోతే జీతం కోసేత్తారని. ఆకరికి అలాగే పోనాడు.”

ఆయన కప్పు ఖాళీ చేసి బల్ల మీద పెట్టారు. తర్వాత, “సరే, సెలవు కూడా రాయండి” అన్నారు.

సంతకాలయ్యాక వాళ్ల టీ వచ్చింది. పైడమ్మ ఓ గుక్క తాగి మొహం చిట్లించింది.

“ఓలమ్మో, ఇదేటి ఇలగున్నాది! దీన్ని మానేసి భాయ్ ఏటి త్యాగం సేసినట్టు?”

గది గదంతా నవ్వింది, రిజిస్ట్రారుగారితో సహా. ఆయన తన కప్పు పక్కకు జరిపి, మన ఫ్లాస్కులో ఇంకా ఉందా అని అడిగారు.

పొద్దుటి నుంచి నాకు ఒళ్లు వెచ్చగా ఉంది భాయ్. రేపు డ్యూటీకి వెళ్లను. నీ పేరు చెప్పుకుని మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకుంటాను.