సేవ్ చేయని స్విచ్

మంగళవారం, రాత్రి

ఈ రోజు కాలేజీలో కంప్యూటర్లన్నిటినీ కలిపే కొత్త మేనేజ్డ్ స్విచ్ బిగించాం. ల్యాబ్ నెట్‌వర్కూ ఆఫీసు నెట్‌వర్కూ వేరు చేసే పని ప్రిన్సిపాల్ నాకివ్వలేదు. మొన్న గిద్దలూరు నుంచి వచ్చి ఉద్యోగంలో చేరిన శ్రావణికి అప్పజెప్పాడు. ఇన్నేళ్లుగా ఆ బిల్డింగులో వైర్లన్నీ లాగింది నేను. ఆమె కీబోర్డు ముందు కూర్చుంటే నేను కేబుళ్లు అందించాను. మధ్యాహ్నానికల్లా అన్నీ పనిచేశాయి.

"ఏందమ్మా, ఇంత తొందరగా చేసినావే!" అని ప్రిన్సిపాల్ మురిసిపోయాడు. నా వైపు చూడనైనా లేదు.

అందరూ టీకి వెళ్లాక చూశాను. ఆమె సెట్టింగులు సేవ్ చేయలేదు. కరెంటు పోతే చేసిందంతా చెరిగిపోతుంది. మా మార్కాపురంలో కరెంటు పోవడానికి ఎంతసేపు? నేను ఊరుకుంటే చాలు, రేపు నన్నే పిలుస్తారు. లేచి తలుపు దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాను. చివరికి సేవ్ నొక్కాను.

సాయంత్రం గేటు దగ్గర శ్రావణి పరుగెత్తుకొచ్చింది. "అన్నా, సేవ్ చేయడం మర్చిపోయినానేమో!"

"చేసినావులేమ్మా, నేను చూసినా" అన్నాను.

నవ్వుతూ బస్సెక్కింది. నేనే చేశానని ఎందుకు చెప్పలేదో తెలియడం లేదు. మంచితనమైతే కాదు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతోంది.